రౌటర్ ఎందుకు మేలుకోవడం లేదు?

మీ బడిలో రిలే పరుగుపందెం చూసే ఉంటారు. ఒకరు కర్ర పట్టుకుని పరుగెత్తి రెండోవారికి అందిస్తారు. రెండోవారు మూడోవారికి అందిస్తారు. కర్ర గీత దాటకపోతే జట్టంతా పనికిరాదంటామా? ఎవరి చేతిలో జారిందో చూస్తాం. కంప్యూటర్ మేలుకోవడమూ అలాంటి పందెమే.

ఇంటర్నెట్ కోసం ఇళ్ళలో పెట్టుకునే రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే! 2002 డిసెంబరులో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యుఆర్‌టి54జి అనే రౌటర్‌ను తెచ్చింది. అందులోని ఫ్లాష్ మెమరీ 4 మెగాబైట్లే. అయినా లోపల నడిచేది లైనక్స్. లైనక్స్ కెర్నెల్‌ను ఎవరికైనా ఇచ్చేవారు దాని సోర్స్ కోడ్‌ను కూడా ఇవ్వాలని నియమం. అందువల్ల 2003లో ఆ కోడ్ బయటికి వచ్చింది. 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే కొత్త సాఫ్ట్‌వేర్ పుట్టింది. దానితో ఔత్సాహికులు పాత రౌటర్లను రకరకాల పనులకు మలుచుకున్నారు. అయితే ఒక్కోసారి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక పెట్టె ఉలకదు, పలకదు. ఇక పారేయవలసిందేనా? తొందరపడకండి!

పందెంలో ముగ్గురు

కరెంటు రాగానే ముందు లేచేది బూట్‌లోడర్. ఫ్లాష్ మెమరీ మొదట్లో ఉండే చిన్న ప్రోగ్రాము ఇది. ఈ రౌటర్‌లో దాని పేరు సిఎఫ్ఇ. అది కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చి పని అప్పగిస్తుంది. కెర్నెల్ ప్రాసెసర్‌నూ ఇతర భాగాలనూ సిద్ధం చేసి, ఫైళ్ళ నిల్వను తెరుస్తుంది. అందులోంచి ‘ఇనిట్’ అనే ప్రోగ్రామును నడుపుతుంది. మిగిలిన పనులన్నిటినీ మొదలుపెట్టేది ఇనిటే.

పలికేది ఎవరు?

ముందుగా అడాప్టర్ చూడండి. అది బలహీనపడితే పెట్టె మధ్యలోనే ఆగి, మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పేమీ ఉండదు!

తరువాత కంప్యూటర్‌ను కేబుల్‌తో కలిపి, రౌటర్‌కు ‘పింగ్’ పంపండి. జవాబుతోపాటు టిటిఎల్ అనే అంకె వస్తుంది. సందేశాలు దారితప్పి అంతులేకుండా తిరగకుండా, దాటిన ప్రతి రౌటర్ దగ్గరా ఈ అంకె ఒకటి తగ్గుతుంది. లైనక్స్ దీన్ని 64తో మొదలుపెడుతుంది, సిఎఫ్ఇ 100తో. కాబట్టి 100 కనిపిస్తే పలికింది బూట్‌లోడర్. అదే 100 వస్తూ ఉంటే కర్ర ఇంకా మొదటివారి చేతిలోనే ఉందన్నమాట. 64 వస్తే కెర్నెల్ లేచింది, లోపం ఆ తరువాతిది.

ఇంకా వివరం కావాలంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీద సీరియల్ తీగలు కలిపే చోటు ఉంది. మేలుకునేటప్పుడు పెట్టె చెప్పే ప్రతి మాటా అక్కడ చదవవచ్చు. చివరి వాక్యమే అసలు ఆధారం. ఫైళ్ళ నిల్వ దొరకలేదంటూ ‘కెర్నెల్ పానిక్’ అని ఆగిపోయిందా? కర్ర జారింది రెండోవారి చేతిలో! అయితే ఈ తీగలు 3.3 వోల్టులవి. పాత కంప్యూటర్ల సీరియల్ పోర్టుకు నేరుగా కలిపితే చిప్ కాలిపోవచ్చు. పెద్దల సాయంతోనే చేయండి.

మళ్ళీ ప్రాణం

బూట్‌లోడర్ బాగుంటే పెట్టె బతికినట్టే. లోపలి సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని గుర్తిస్తే సిఎఫ్ఇ ముందుకు సాగక, 192.168.1.1 అనే చిరునామాలో కొత్త సాఫ్ట్‌వేర్ కోసం ఎదురుచూస్తుంది. టిఎఫ్‌టిపి అనే పద్ధతిలో, ఆ మోడల్‌కు సరిపోయే ఫైలును పంపాలి. అది ఫ్లాష్‌లో రాసుకుంటున్నంతసేపూ కరెంటు తీయకూడదు. ‘బూట్ వెయిట్’ అనే అమరికను ముందే ఆన్ చేసి ఉంచితే, ప్రతిసారీ మొదట్లో కొన్ని సెకన్లు ఇలా ఆగుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు చేయవలసిన పని ఇదే.

బూట్‌లోడర్‌ను మాత్రం పొరపాటున కూడా చెరపకండి. అది పోతే కొత్త ఫైలును అందుకునేవారే ఉండరు!

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి నేటి కూర్పులు ఆ 4 మెగాబైట్లలో ఇమడవు. కనుక అలాంటి పాత పెట్టెను ఇంటర్నెట్‌కు కాపలా పెట్టకండి, నేర్చుకోవడానికి వాడండి. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఏం జరిగిందో రాయండి. రెండు మార్పులు కలిపి చేస్తే, పెట్టె బాగుపడినా ఎందువల్ల బాగుపడిందో మీకు తెలియదు.