కొద్ది నీళ్ల యంత్రం

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఉతుకుతున్నప్పుడు దాని అద్దంలోంచి ఐదు నిమిషాలు చూస్తే చాలు, పనితీరు అంతా తెలిసిపోతుంది. డ్రమ్ లోపలి గోడకు ఉబ్బెత్తుగా పట్టీలుంటాయి. డ్రమ్ తిరుగుతుంటే అవి తడి బట్టల్ని పైకి మోసుకెళ్తాయి. పైకంటా చేరేలోపే బట్టలు జారి, అడుగునున్న సబ్బు నీళ్లలో దబ్బున పడతాయి. చాకిరేవులో బండకేసి కొట్టే దెబ్బ లాంటిదే ఇదీ. మురికి వదలడంలో పెద్ద పాత్ర ఈ పడటానిదే.

ఇందులో ముచ్చటైన లెక్క ఒకటుంది. డ్రమ్ వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు అనుకుందాం. అది నిమిషానికి 60 చుట్లు తిరిగితే, అంచున ఉన్న బట్ట గుండ్రంగా తిరగడానికి కావలసిన త్వరణం 9.87 వస్తుంది. భూమి గురుత్వ త్వరణమేమో 9.8. రెండూ దాదాపు సమానం కాబట్టి ఆ వేగం దగ్గర బట్ట పడటం మానేసి డ్రమ్‌ను కరుచుకుని తిరుగుతుంది. పడకపోతే ఉతుకు లేదు. అందుకే ఉతికేటప్పుడు డ్రమ్ 45, 50 చుట్లకు మించకుండా నింపాదిగా తిరుగుతుంది. పిండేటప్పుడు అదే డ్రమ్ 1200 చుట్లు అందుకుంటే, బట్టను గోడకు అదిమే బలం దాని బరువుకు 400 రెట్లవుతుంది. చుక్క నీరు కూడా బయటికి పోనివ్వని తలుపు రబ్బరుతో, పక్కకు పడుకోబెట్టిన డ్రమ్‌తో ఇంత పని చేయించడం ఇంజనీరింగ్‌లో చిన్న విషయమేమీ కాదు.

బట్టలు పడుతూ ఉతుక్కుంటాయి కాబట్టి వాటిని ముంచేసేంత నీళ్లు అక్కర్లేదు. ఉతుకు సాగుతున్నప్పుడు అడుగున ఉండేది పది, పదిహేను లీటర్లు. జాడింపులు కూడా కలుపుకుంటే ఏడు కిలోల మెషీన్‌కు మొత్తం 50 నుంచి 70 లీటర్లు చాలు. అదే సైజు టాప్ లోడ్ మెషీన్ మామూలుగా 100 లీటర్లు దాటేస్తుంది. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలకు ఈ తేడా విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఫ్రంట్ లోడ్‌తో ఇంట్లో వచ్చే చికాకుల్లో చాలావాటికి మూలం కూడా ఈ పొదుపే. టబ్బు నిండా నీళ్లు పోసి పారబోసే యంత్రంలో మురికి, సబ్బు, నార అన్నీ కొట్టుకుపోతాయి. కొద్ది నీళ్లతో సరిపెట్టుకునే యంత్రంలో అవి సందుల్లో చేరి నిలుస్తాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మెషీన్ వాసన ఎందుకొస్తుందో, తువ్వాళ్లు గరుకుగా ఎందుకవుతాయో, ఏడెనిమిదేళ్లకు డ్రమ్ ఎందుకు ఊగుతుందో వరసగా అర్థమవుతాయి.

ముందు సబ్బు సంగతి. నురుగు ఎక్కువైతే ఉతుకు బాగుంటుందన్న నమ్మకం మనది. బకెట్లో నానబెట్టి బ్రష్ కొట్టేవాళ్లకు అది పెద్ద నష్టం చేయలేదు. ఇక్కడ మాత్రం నురుగు పరుపులా అడ్డుపడి బట్టలు పడే దెబ్బను మెత్తబరుస్తుంది. నీళ్లు తోడే పంపు నురుగును తోడలేదు. నురుగు పసిగట్టిన మెషీన్ మళ్లీ మళ్లీ జాడిస్తూ గంటలో అవ్వాల్సిన పనిని గంటన్నర లాగుతుంది. ఫ్రంట్ లోడ్ పొడుల్లో నురుగును అణిచే సిలికోన్ కలుపుతారు. చేతి ఉతుకు పొడిలో అది ఉండదు కనుక ఇందులో వేయకూడదు. ఆఫీసుకు, కాలేజీకి వేసుకెళ్లిన బట్టల్లో చెమటే తప్ప మట్టి పెద్దగా ఉండదు. వాటికి నిండు మూత లిక్విడ్ దండగ. సబ్బు ఎక్కువ పోస్తున్నామా అన్నది తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ఉతికి తీసిన తువ్వాళ్లనే మళ్లీ డ్రమ్‌లో వేసి, సబ్బు వేయకుండా జాడింపు ఒక్కటే పెట్టి అద్దంలోంచి చూడండి. నురుగు లేచిందంటే అదంతా పాత బాకీ.

ఆ బాకీయే వాసనకు మొదటి మేత. తలుపు రబ్బరు మడతను రెండు వేళ్లతో విడదీసి అడుగు భాగంలో చూస్తే చెంచాడు నీళ్లు, బూడిద రంగు నారముద్ద, అరిగిన రూపాయి బిళ్ల, జాకెట్టు హుక్కు, వాటి చుట్టూ చీమిడి లాంటి జిగురు కనిపిస్తాయి. ఆ జిగురు ఉత్త మురికి కాదు. సూక్ష్మజీవులు తమ చుట్టూ తాము అల్లుకున్న పొర అది. చర్మపు నూనెలు, తలకు రాసుకున్న కొబ్బరినూనె అంటిన దిండు గలీబుల నుంచి వదిలిన జిడ్డు, మిగిలిపోయిన సబ్బు, ఫ్యాబ్రిక్ కండిషనర్‌లోని మైనం లాంటి పదార్థం వాటికి తిండి. రబ్బరు మీద కనిపించే నల్ల చుక్కలు బూజువి. కంటికి కనిపించని చోట, అంటే డ్రమ్‌కూ బయటి టబ్బుకూ మధ్య సందులో, ఇదే పొర ఇంకా దట్టంగా ఉంటుంది.

ఉతికిన తువ్వాలు ఎండాక ఏ వాసనా ఉండదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోగానే ముక్కిన వాసన గుప్పుమంటుంది. దీని గుట్టు జపాన్ పరిశోధకులు విప్పారు. 2012లో కావో సంస్థ శాస్త్రజ్ఞులు ఈ వాసనకు ప్రధాన కారణం మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని తేల్చారు. చెమట, చర్మపు జిడ్డుల మీద బతుకుతూ అది ఘాటైన కొవ్వు ఆమ్లం ఒకటి తయారుచేస్తుంది. మనకు అందే వాసన దానిదే. ఆ బ్యాక్టీరియా ఎండిపోయినా చావదు, అతినీలలోహిత కాంతినీ బాగానే తట్టుకుంటుంది. డాబా మీద మంచి ఎండలో ఆరేసినా వాసన వదలకపోవడానికి కారణం అదే. తడి తగలగానే మళ్లీ పని మొదలుపెడుతుంది.

చన్నీళ్లలో ఎన్నిసార్లు ఉతికినా దానికి పెద్ద బాధ లేదు. మన ఇళ్లలో జరిగేది అదే: కరెంటు బిల్లుకు భయపడి చన్నీళ్లు, ముప్పై నిమిషాల క్విక్ వాష్, లిక్విడ్. ఈ మూడూ కలిస్తే వాసనకు పుట్టిల్లే. కొన్ని పొడుల్లో సోడియం పెర్‌కార్బనేట్ ఉంటుంది. అది నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేసి సూక్ష్మజీవుల్ని కొంత అదుపులో పెడుతుంది. లిక్విడ్‌లో అలాంటి బ్లీచ్ నిలవ ఉండదు కనుక కలపరు. అందుకని తువ్వాళ్లు, దుప్పట్లు, తెల్ల నూలు బట్టలు వారానికోసారైనా 60 డిగ్రీల వేడిలో, వీలైతే పొడితో ఉతకాలి. నెలకోసారి ఖాళీ డ్రమ్‌తో టబ్ క్లీన్ పెట్టాలి. ప్రతి ఉతుకు తర్వాత రబ్బరు మడత పొడిగుడ్డతో తుడిచి, తలుపు నాలుగు వేళ్ల సందున తెరిచి ఉంచాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త, డ్రమ్ వాళ్లకు దాక్కునే చోటులా కనిపిస్తుంది. అలాంటిచోట తుడవడం మరింత శ్రద్ధగా చేసి, ఎవరో ఒకరు దగ్గరున్నప్పుడే తలుపు తెరిచి ఆరనివ్వడం మేలు. సబ్బు అరను బయటికి లాగి, అది కూర్చునే గూటి పైకప్పును పాత టూత్‌బ్రష్‌తో రుద్దడం చాలామందికి తట్టదు. నల్ల బూజు ముందు పట్టేది అక్కడే.

ఇక బోరు నీళ్లు. హైదరాబాద్ శివారు కాలనీల్లో మంజీరా, కృష్ణా నీళ్లు వంటింటికి, బోరు నీళ్లు మిగతా అన్నిటికీ అన్న ఏర్పాటు మామూలే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనిచోట 600 దాకా. 600 ఉన్న నీళ్లే అనుకుంటే, ఒక్క ఉతుకులో వాడే 60 లీటర్లలో 36 గ్రాముల సున్నపురాయికి సమానమైన ఖనిజం మెషీన్‌లోకి వస్తుంది. ఎక్కువ భాగం డ్రెయిన్‌లో పోతుంది. కొంత సబ్బును పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. అందుకే బోరు నీళ్ల ఇంట్లో సబ్బు కాస్త ఎక్కువే పడుతుంది, అందరికీ ఒకే కొలత చెల్లదు. ఇంకొంత హీటరు మీద సున్నమై పేరుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే కరగని కార్బనేట్‌గా మారిపోవడమే దీనికి కారణం. గీజర్ రాడ్డు మీద పట్టే తెల్ల పెచ్చూ ఇదే. పెచ్చు మందమయ్యేకొద్దీ రాడ్డు వేడి నీళ్లకు అందక లోపలే మిగిలిపోయి, చివరికి రాడ్డు కాలిపోతుంది.

ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. వాసన పోవాలంటే వేడి కావాలి, వేడి పెడితే సున్నం పేరుకుంటుంది. కాబట్టి బోరు నీళ్ల ఇంట్లో వేడి ఉతుకుతో పాటు సున్నం తీసే పనీ తప్పదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు దీనికి చాలు. మాన్యువల్‌లో ఆమ్లం వాడొద్దని లేకపోతే, వంద గ్రాములు ఖాళీ డ్రమ్‌లో వేసి 60 డిగ్రీల మీద తిప్పి, తర్వాత ఒకసారి ఉత్త నీళ్లతో జాడిస్తే సున్నం కరిగి పోతుంది. అదే రోజు క్లోరిన్ బ్లీచ్ జోలికి మాత్రం పోకూడదు. బ్లీచ్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం.

నీళ్ల కాఠిన్యం ఎంతో తెలియడానికి చాలామంది చేతి పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ముంచి చూస్తారు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుంది, మామూలు ఉప్పు కూడా అందులో భాగమే. మెషీన్‌కు చేటు చేసేవి కాల్షియం, మెగ్నీషియం. వాటి ఆచూకీకి సీసాలో సగం నీళ్లు పోసి, నాలుగు తురుముల మామూలు బట్టల సబ్బు వేసి గట్టిగా ఊపండి. నురుగు నిలిస్తే మంచి నీళ్లు. నురుగు రాకుండా తెల్లటి తెట్టు కట్టిందంటే కఠిన జలం. డిటర్జెంట్ పొడితో ఈ పరీక్ష పనిచేయదు, కఠిన జలంలోనూ నురిగేలా దాన్ని తయారుచేస్తారు కాబట్టి.

నీరు, సబ్బు కలిసి చేసే అన్నిటికన్నా పెద్ద నష్టం డ్రమ్ వెనక జరుగుతుంది, విప్పితే తప్ప కనిపించదు. స్టెయిన్‌లెస్ స్టీల్ డ్రమ్‌ను వెనక నుంచి పట్టుకునేది మూడు చేతుల అల్యూమినియం మిశ్రమలోహపు బిగింపు. మెకానిక్‌లు దాన్ని స్పైడర్ అంటారు. ఒక రిపేరు షాపులో పాత మెషీన్ నుంచి తీసి పక్కన పడేసిన స్పైడర్‌ను చేతిలోకి తీసుకుని చూశాను. గాడుల నిండా సబ్బు, నార కలిసి గట్టిపడిన బూడిద రంగు ముద్ద. దాన్ని గోకితే కింద లోహం చెదలు తిన్న కర్రలా గుంటలు పడి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే పొడి రాలింది. అల్యూమినియం క్షారంలో కరుగుతుంది, డిటర్జెంట్ పొడులు క్షార గుణం ఉన్నవి. పైగా తడిలో స్టీలుకూ అల్యూమినియానికీ మధ్య బ్యాటరీలో లాంటి చర్య నడుస్తుంది, అందులో తినుకుపోయేది అల్యూమినియమే. ఏళ్ల తరబడి ఆ ముద్ద ఆరకుండా అంటిపెట్టుకుని ఉంటే ఒకరోజు స్పిన్‌లో ఒక చెయ్యి విరుగుతుంది. తలుపు తెరిచి ఉంచమనడం, సబ్బు తగ్గించమనడం వాసన కోసమేనని అనుకోకూడదు. మెషీన్ ఆయువు కూడా వాటి మీదే ఉంది.

స్పిన్ చికాకులు వేరే రకం. తెరమీద ఒక్క నిమిషమే మిగిలిందని చూపిస్తూ పదిహేను నిమిషాలు గడపడం అందరూ చూసేదే. లోపల జరుగుతున్నది తూకం వెతుకులాట. బట్టలు ఒకవైపు ముద్దకట్టి అర కిలో తేడా ఉందంటే, 1200 చుట్ల దగ్గర ఆ అర కిలో డ్రమ్‌ను 200 కిలోల బరువంత బలంతో సెకనుకు ఇరవైసార్లు అటూ ఇటూ గుంజుతుంది. అమెరికాలో 1937లో బెండిక్స్ సంస్థ చూపించిన తొలి ఆటోమేటిక్ ఫ్రంట్ లోడ్‌ను ఈ గుంజుడు తట్టుకోవడానికి నేలకు బోల్టులేసి బిగించాల్సి వచ్చేది. ఇప్పటి మెషీన్లలో స్ప్రింగులు, డ్యాంపర్లు, టబ్బుకు కట్టిన కాంక్రీటు దిమ్మలు ఆ పని చేస్తాయి. అయినా తూకం కుదరకపోతే మోటారు వేగం అందుకోవడానికి ఒప్పుకోదు, బట్టల్ని మళ్లీ కలిపి చూస్తుంది. మన బట్టల్లో దానికి గట్టి పరీక్ష పెట్టేది చీర. ఐదున్నర మీటర్ల గుడ్డ తిరిగి తిరిగి తాడులా పేనుకుని, మిగతా బట్టల్ని చుట్టేసి మూట కడుతుంది. మడతపెట్టి జిప్పున్న వల సంచిలో వేస్తే ఆ బాధ తప్పుతుంది, జాకెట్టు హుక్కులూ డ్రమ్ చిల్లుల్లోకి పోవు. ఒంటరి దుప్పటి వేయడం కన్నా దానికి తోడు రెండు తువ్వాళ్లు వేయడం నయం.

నీళ్లు సరిగా రాలేదని మెషీన్ ఆగిపోతే వెంటనే సర్వీసుకు ఫోన్ చేయనక్కర్లేదు. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ పీడనం. చాలా మెషీన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. ట్యాంకు కిందనే ఉన్న పై అంతస్తు ఫ్లాటులో రెండు మూడు మీటర్ల ఎత్తే దొరుకుతుంది. కింది అంతస్తులో చక్కగా నడిచిన మెషీన్ పైకి మారగానే మొరాయించేది అందుకే. ముందు ఇన్‌లెట్ పైపు చివరనున్న చిన్న జాలీలో ఇసుక పేరుకుందేమో చూసి, ఆ తర్వాతే ప్రెషర్ పంపు సంగతి ఆలోచించాలి. డ్రెయిన్ పైపును వెనకనున్న కొక్కేనికి తగిలించకుండా నేల మీద పడేస్తే ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే జారిపోయి మెషీన్ నింపుతూనే ఉంటుంది. కింద కుడిమూలనో ఎడమమూలనో ఉండే పంపు ఫిల్టర్‌ను నెలకోసారి విప్పి పిన్నీసులు, చిల్లర తీసేయాలి, కింద పళ్లెం పెట్టుకుని. అడుగు తెరిచి ఉన్న మెషీన్‌లో ఎలుకలు దూరి వైర్లు కొరకడం మన ఊళ్లలో మామూలు కాబట్టి అడుగున జాలీ వేయించుకోవాలి.

స్పిన్‌లో విమానం లేచినట్టు హోరు మొదలైందంటే బేరింగ్ పోతోందని అర్థం. ఆయిల్ సీల్ అరిగి నీళ్లు బేరింగ్‌లోకి దిగి తుప్పు పట్టిస్తాయి. బేరింగ్ ధర వందల్లో ఉంటుంది. కానీ ఇప్పుడు కొన్ని మెషీన్లలో బయటి టబ్బు రెండు సగాలనూ బోల్టులతో బిగించకుండా కరిగించి అతికేస్తున్నారు. లోపలి బేరింగ్ మార్చాలంటే టబ్బు మొత్తం మార్చమంటారు, ఆ ఖర్చు విని చాలామంది మెషీన్‌నే తుక్కుకు వేస్తారు. నీళ్లు, కరెంటు పొదుపు చేస్తుందని నక్షత్రాలిచ్చి అమ్మే వస్తువును ఇలా తయారుచేయడం అన్యాయం. షోరూమ్‌లో ఎన్ని ప్రోగ్రాములున్నాయని అడిగే బదులు టబ్బు విప్పడానికి వస్తుందా, బేరింగూ స్పైడరూ విడిగా దొరుకుతాయా అని అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే మీ వీధి మెకానిక్‌ను అడగండి, ఏ మోడల్ విప్పవచ్చో ఆయనకు తెలుసు.