పచ్చని చేలో నాము

తొలకరికి మొలిచిన జొన్న మోకాలెత్తు కూడా రాలేదు. వాన ముఖం చాటేసింది. ఆకలి మీదున్న గేదె ఆ వాడిన చేలో పడి మేసిందంటే... కాసేపట్లోనే ఆయాసం, వణుకు. ఒక్కోసారి పశువైద్యుడు వచ్చేలోపే ప్రాణం పోతుంది. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ లాంటి మెట్ట ప్రాంతాల్లో జొన్న వేసే రైతుకు ఇదో భయం. పేరు నాము.

నిజానికి జొన్న మొక్క విషాన్ని విషంగా దాచుకోదు. ధూరిన్ అనే పదార్థం ఆకులో ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము మరోచోట ఉంటాయి. పశువు నమిలితే రెండూ కలుస్తాయి. హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది! అది రక్తంలో చేరి, కణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమును పట్టేస్తుంది. ఆక్సిజన్‌తో శక్తి పుట్టించే దారిలో చివరి మెట్టు అదే. అది ఆగితే రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. నాము తగిలిన పశువు రక్తం మరీ ఎర్రగా కనిపించేది అందుకే.

విచిత్రమేమంటే, కాపాడేదీ ఎంజైమే. కాలేయంలోని రొడనీజ్ సైనైడుకు గంధకం జోడించి, అంతగా హాని చేయని థయోసయనేట్‌గా మార్చేస్తుంది. అది మూత్రంలో పోతుంది. అయితే ఒంట్లో అందుకు పనికొచ్చే గంధకం కొద్దిగానే ఉంటుంది. అందుకే పశువైద్యులు సోడియం నైట్రైట్‌తో పాటు సోడియం థయోసల్ఫేట్‌ను నరానికి ఎక్కిస్తారు. ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

లేత జొన్న, కోశాక వచ్చే పిలకలు, బెట్టకు వాడిన పైరు... వీటి జోలికి పశువును పోనివ్వకూడదు. పూత దశ దాటాక కోసి మేపితే భయం తక్కువ. బాగా ఎండిన చొప్పలో విషం చాలావరకు పోతుంది.