శిలాజ ఎముకల ఆధారంగా అంతరించిన కప్పల గుర్తింపు, వర్గీకరణ

కప్ప అస్థిపంజరం తేలికైనది, పెళుసైనది. మరణించిన వెంటనే బురద కప్పివేస్తే తప్ప ఎముకలు చెల్లాచెదురవుతాయి. అందుచేత శిలాజ శాస్త్రజ్ఞులకు సాధారణంగా లభించేది కొన్ని మిల్లీమీటర్ల తునకలు మాత్రమే. వాటి ఆధారంగా కుటుంబం, ప్రజాతి, జాతులలో ఏ స్థాయి వరకు నిర్ధారించవచ్చుననేదే వర్గీకరణలోని ముఖ్య సమస్య.

లభించే ప్రదేశాలు: తిరుమల కొండల క్వార్ట్‌జైట్ శిలలు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినవి. కప్పల వంశపు తొలి శిలాజాలు సుమారు 25 కోట్ల సంవత్సరాల నాటివి. కనుక ఆ శిలలలో కప్పల అవశేషాలను ఆశించలేము. తెలుగు ప్రాంతంలో వీటికి ప్రసిద్ధమైన చోటు వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్. అక్కడ దక్కను లావా పొరల నడుమ సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి అవక్షేపాలు ఉన్నాయి. ఇటువంటి మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలపై కడిగి, మిగిలిన రేణువుల నుండి ఎముకలను సూక్ష్మదర్శిని కింద ఏరుతారు.

గుర్తింపు లక్షణాలు: శ్రోణి మేఖలలోని ఇలియం ఎముక అత్యంత ఉపయుక్తం. రానా వర్గపు కప్పలలో దీని పైఅంచున ఎత్తైన శిఖ ఉంటుంది. గోదురు కప్పలలో ఆ శిఖ ఉండదు, చిన్న బొడిపె మాత్రమే కనిపిస్తుంది. గోదురు కప్పల పైదవడకు దంతాలు ఉండవు. వాటి త్రిక వెన్నుపూస పార్శ్వ ప్రవర్ధాలు వెడల్పుగా ఉంటాయి. వెన్నుపూస ముందు భాగం గుంటగా ఉన్నదా, వెనుక భాగం గుంటగా ఉన్నదా అనేది కుటుంబ నిర్ణయానికి తోడ్పడుతుంది.

నిర్ణయాల పర్యవసానం: బొంబాయిలోని వర్లీ శిలలలో లభించిన చిన్న కప్పను 1847లో రిచర్డ్ ఓవెన్ రానా ప్రజాతిలో చేర్చారు. 1930లో జి. కె. నోబుల్ దానికి ఇండోబాట్రాకస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి, ఆస్ట్రేలియా కప్పలతో సంబంధాన్ని సూచించారు. 1991లో జి. వి. ఆర్. ప్రసాద్, జె. సి. రాజ్ భారతదేశపు క్రెటేషియస్ చివరి దశ నుండి డిస్కోగ్లాసిడే కుటుంబపు కప్పను నివేదించి, నాటి భారత భూభాగానికి ఉత్తర ఖండాలతో భూమార్గం ఉండెననుటకు దానిని నిదర్శనంగా చూపారు. అనగా ఒక చిన్న ఎముకకు ఇచ్చే పేరుపై ఖండాల చరిత్రకు సంబంధించిన వాదన ఆధారపడుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు: వయస్సు, లింగం, ఎముక అరుగుదల వలన కలిగే తేడాలను జాతి భేదాలుగా భావించరాదు. నేటి కప్పల ఎముకలతో పోల్చకుండా నిర్ణయానికి రారాదు. కొత్త జాతిని ప్రకటించాలంటే ప్రామాణిక నమూనాను నిర్దేశించి, భేదక లక్షణాలను వివరించాలి. ఆ నమూనాను సంగ్రహాలయంలో భద్రపరచడం అవసరం. ఆధారం కుటుంబ స్థాయికే సరిపోయినపుడు జాతి పేరు పెట్టకుండా అక్కడే ఆగడం శాస్త్రీయం. పొలంలో దొరికిన పురుగు ముక్కను గాని, కలుపు విత్తనాన్ని గాని గుర్తించే విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది.