విద్యుదయస్కాంత ప్రేరణ – ప్రేరిత విద్యుత్తు దిశ

ఒక తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారినపుడు ఆ చుట్టలో విద్యుచ్ఛాలక బలం (వి.చా.బ.) పుట్టడాన్ని విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. వలయం మూసి ఉంటే అందులో ప్రవహించే విద్యుత్తును ప్రేరిత విద్యుత్తు అంటారు. పల్నాడు జిల్లా విజయపురి సౌత్ వద్ద నాగార్జునసాగర్ కుడి కాలువపై గల జలవిద్యుత్కేంద్రం ఈ సూత్రంపైనే పనిచేస్తుంది.

చరిత్ర

1831 ఆగష్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు తీగచుట్టలు చుట్టి పరీక్షించాడు. మొదటి చుట్టలో విద్యుత్తును ప్రారంభించినపుడు, ఆపినపుడు మాత్రమే రెండవ చుట్టలో క్షణకాలం విద్యుత్తు కనిపించింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా స్వతంత్రంగా ఈ విషయాన్ని కనుగొన్నాడు. ప్రేరిత విద్యుత్తు దిశను తెలిపే నియమాన్ని 1834లో హైన్రిక్ లెంజ్ ప్రకటించాడు.

ఫారడే నియమం

ప్రేరిత వి.చా.బ. పరిమాణం అభివాహం మారే రేటుకు అనులోమానుపాతంలో ఉంటుంది.

ప్రేరిత వి.చా.బ. = – చుట్ల సంఖ్య × (అభివాహంలో మార్పు ÷ కాలం)

ఉదాహరణకు 100 చుట్లు గల తీగచుట్టలో ఒక్కొక్క చుట్టు గుండా పోయే అభివాహం 0.1 సెకనులో 0.02 వెబర్లు మారితే ప్రేరిత వి.చా.బ. పరిమాణం 20 వోల్టులు. సూత్రంలోని ఋణ గుర్తు దిశను తెలుపుతుంది.

లెంజ్ నియమం

ప్రేరిత విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన మార్పును వ్యతిరేకించే దిశలో ప్రవహిస్తుంది. దండాయస్కాంతపు ఉత్తర ధ్రువాన్ని తీగచుట్ట వైపు జరిపితే, ఎదురుగా ఉన్న చుట్ట ముఖం ఉత్తర ధ్రువంగా మారి దానిని వికర్షిస్తుంది. అయస్కాంతం వైపునుండి చూస్తే విద్యుత్తు అపసవ్య దిశలో ఉంటుంది. అయస్కాంతాన్ని వెనుకకు లాగితే ఆ ముఖం దక్షిణ ధ్రువమై ఆకర్షిస్తుంది. విద్యుత్తు సవ్య దిశకు మారుతుంది.

దీనికి కారణం శక్తి నిత్యత్వం. విద్యుత్తు మార్పుకు తోడ్పడే దిశలో ప్రవహిస్తే అయస్కాంతం దానంతట అదే వేగం పుంజుకొని, పని చేయకుండానే శక్తి లభించాలి. అది అసాధ్యం.

ఫ్లెమింగ్ కుడిచేతి నియమం

కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పరస్పరం లంబంగా చాచాలి. చూపుడువేలు అయస్కాంత క్షేత్ర దిశను, బొటనవేలు వాహకం కదిలే దిశను చూపితే, మధ్యవేలు ప్రేరిత విద్యుత్తు దిశను చూపుతుంది.

జలవిద్యుత్ జనరేటరులో అయస్కాంత ధ్రువాలు తిరిగే భాగమైన రోటరుపై ఉంటాయి. వాహకాలు కదలని స్టేటరులో ఉంటాయి. అందువలన బొటనవేలిని ధ్రువాలు కదిలే దిశకు ఎదురుగా చూపాలి. ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటి వాహకాన్ని దాటడం వలన విద్యుత్తు దిశ మారుతూ ఉంటుంది. భారతదేశంలో పౌనఃపున్యం 50 హెర్ట్జులు, అనగా దిశ సెకనుకు 100 మార్లు మారుతుంది.

కుడి కాలువ విద్యుత్కేంద్రం

ఈ కేంద్రంలో 30 మెగావాట్ల యూనిట్లు 3 కలవు. కాలువకు వదిలే నీరు ముందుగా టర్బైన్లను తిప్పి, తరువాత పొలాలకు చేరుతుంది. వాడకం పెరిగినపుడు స్టేటరులో విద్యుత్తు పెరుగుతుంది. లెంజ్ నియమం ప్రకారం రోటరుపై ఎదురు బలం కూడా పెరుగుతుంది. వేగం తగ్గకుండా ఉండాలంటే టర్బైనుకు మరింత నీరు వదలాలి. ఆ ఎదురు బలాన్ని జయిస్తూ నీరు చేసే పనే విద్యుత్తుగా మారుతుంది.