కూజా చెప్పే కబురు
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఎండాకాలం వచ్చిందంటే మన కోనసీమ వాళ్ళకి ఓ ధీమా. చుట్టూ గోదావరి పాయలు, ఓ పక్క సముద్రం, ఎటు చూసినా కొబ్బరిచెట్లు, మనకేం ఎండలే అనుకుంటాం. కాని అమలాపురంలోనో, రాజోలులోనో డాబా ఇంట్లో పదకొండింటికి స్టవ్వు ముందు నిలబడే ఇల్లాలిని అడగండి, అసలు సంగతి చెబుతుంది. వాతావరణశాఖవారి లెక్కలోనూ మనకి వేరే గీత ఉంది. మైదానాల్లో 40 డిగ్రీలు చేరితేగాని వడగాడ్పుల మాట ఎత్తరు. సముద్రతీరంలో 37 డిగ్రీలకే ఎత్తుతారు, అదీ మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

మన ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట కారిపోతే ప్రయోజనం లేదు, ఆరిపోవాలి. ఆరేటప్పుడు ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. మన ఇంట్లో మట్టి కూజా చేసే పనీ అదే. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు పైకి చెమర్చి ఆవిరవుతుంది, లోపలి నీళ్ళు చల్లబడతాయి. గాలి పొడిగా ఉన్న రోజున కూజా నీళ్ళు జిల్లుమంటాయి. గాలిలో తేమ నిండిన రోజున ఎంతసేపు ఉంచినా గోరువెచ్చగానే ఉంటాయి. అంటే ఏమిటన్నమాట? ఏ రోజు కూజా చల్లబడలేదో ఆ రోజు మన ఒళ్ళూ అంత సులువుగా చల్లబడదు. వంటింటి గట్టుమీద ఖర్చులేని యంత్రం ఒకటి మనకుంది. నీడలో, గాలి తగిలేచోట పెట్టి, పొద్దున్నా మధ్యాహ్నం ఓ గ్లాసు వంచుకుని చూడండి. కూజా మాత్రం మరీ పాతబడి రంధ్రాలు పూడుకుపోయింది కాకూడదు.

మన ఎండాకాలంలో రెండు రకాల రోజులుంటాయి. పడమటి గాలి కొట్టే రోజు ఒకటి. ఆ రోజు ఎండ మండిపోతుంది, పెదవులు పగులుతాయి, కూజా మాత్రం చల్లగా ఉంటుంది. ఆ రోజు పొద్దున్న తొమ్మిదికల్లా ఎండవైపు కిటికీలు మూసి తెరలు దించండి. వట్టివేళ్ళ తడిక ఉంటే తడపండి, లేకపోతే తడి దుప్పటి కట్టినా సరే. వేడిగాలిని మీదికి విసిరే ఫ్యాను ఒక్కటీ చాలదు, మెడా చేతులూ తడిగుడ్డతో తుడుచుకుని ఫ్యాను కింద కూర్చోండి. చెమట పట్టినట్టే తెలియదు గనక దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి.

రెండోది ఉక్క రోజు. ఎండ అంతగా కనపడదు, జాకెట్టు ఒంటికి అతుక్కుపోతుంది, కూజా నీళ్ళు వెచ్చగా ఉంటాయి. ఆ రోజు తడి తెరలు కట్టి తలుపులు మూసుకుంటే ఇల్లు ఆవిరిపట్టిన ఇడ్లీపాత్ర అవుతుంది! కూలరు కూడా మూసిన గదిలో పెట్టకూడదు. కిటికీలు ఎదురెదురుగా తెరవండి, ఫ్యాను వేయండి, రెండుమూడుసార్లు స్నానం చేయండి, పల్చటి నూలు చీర కట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, పని తగ్గించండి. మన పాత మండువా లోగిళ్ళలో నడిమధ్య ఆకాశం కనబడేలా వదిలింది ఇందుకే. వేడిగాలి పైకి పోయేది, చుట్టూ సావిళ్ళలో గాలి ఆడేది.

డాబా ఇంటికి ఆ వసతి లేదు. శ్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా మనమీద కక్కుతుంది. పైన తెల్ల సున్నం వేస్తే కొంత వేడి తిరిగిపోతుంది. రాటలు పాతి కొబ్బరాకులతో పందిరి వేస్తే ఇంకా మేలు, ఎండ శ్లాబుని తాకనే తాకదు. మనకి కొబ్బరాకుకి కొదవా? కాని ఎండిన ఆకు నిప్పుకి చుట్టం, జాగ్రత్త.

ఇక వంటిల్లు. ఇంట్లో అందరికన్నా వేడి తగిలేది మనకే, అందరికన్నా ఆఖరున నీళ్ళు తాగేదీ మనమే! వంట ఎనిమిదిన్నరకల్లా ముగించండి. మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయ, మామిడిపండు ఉంటే ఎవరూ అలగరు. వడియాలు తెల్లవారుజామునే పెట్టి దిగిపోండి. ఎండ వడియాలకి కావాలిగాని మనకి కాదు. బజారుకి వెళితే బాత్‌రూముకి ఇబ్బందని నీళ్ళు మానేసే అలవాటు మనలో చాలామందికుంది. నీళ్ళు మానే బదులు వెళ్ళే వేళ మార్చుకోండి. అలాగే పనిమనిషిని మిట్టమధ్యాహ్నం రమ్మనకండి. ఆవిడ నడిచొచ్చేది ఆ ఎండలోనే కదా. పొద్దున్నే రమ్మని, ఓ గ్లాసు మజ్జిగ చేతికిస్తే మన సొమ్మేం పోదు.

తాగడానికి మన ఊళ్ళో ఉన్నన్ని ఎక్కడున్నాయి? ఉప్పేసిన పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, పానకం, కొబ్బరి బోండాం, తాటి ముంజెలు. నీరసం ఎక్కువైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి తాగించండి. టీ చెంచాతోనే సుమా. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు బోండాం విషయం, రక్తపోటున్నవాళ్ళు ఉప్పు విషయం డాక్టరుగారినే అడగాలి.

పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఎలాగంటారా? పన్నెండు నుంచి నాలుగు దాకా వామనగుంటలు తియ్యండి, గవ్వలతో అష్టాచెమ్మా వేయండి. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్ళజోడు చేయడం అమ్మమ్మగారి చేత నేర్పించండి. ఆవిడకీ కాలక్షేపం, నీళ్ళు తాగిందో లేదో కనిపెట్టడానికి పిల్లలూ పక్కనుంటారు. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేసినప్పుడు పిల్లలు గోదావరి పాయలవైపు పరుగెడతారు. ఇసుకలో గోతులుంటాయి, పెద్దవాళ్ళు తోడు లేకుండా పంపకండి. సాయంత్రం పైరగాలి తిరిగాక డాబామీద చాపలేసి, మల్లెపూలు కట్టుకుంటూ నలుగురిళ్ళవాళ్ళూ కబుర్లు చెప్పుకుంటే, అంతకన్నా వేసవి సరదా ఏముంది?

ఒక్క హెచ్చరిక. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే వెంటనే నీడలో పడుకోబెట్టి నీళ్ళు పట్టండి. మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా, ఒళ్ళు 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా అది వడదెబ్బే. చెమట పడుతోంది గదా అని ధైర్యపడకండి. 108కి ఫోను చేయించి, వాళ్ళు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. చంకల్లో, మెడమీద ఐసు పెట్టండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

ఉక్క రోజున పని కాస్త మానుకుంటే బద్ధకమని ఎవరైనా అంటే, కూజా నీళ్ళు ఓ గ్లాసు ఇచ్చి తాగి చూడమనండి. మిగతాది అదే చెబుతుంది. సెలవు.