డెబ్బై రెండు వేలు – ఒక ల్యాప్‌టాప్ – రెండు పనులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగినప్పుడు, గదిలో ముగ్గురం కూర్చుని ఏం రాద్దామా అని ఆలోచించాం. కవితలు రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మాకు మాత్రం ఏటా వేసవిలో వచ్చే ఫోన్లు గుర్తొచ్చాయి. ఇంటర్ అయిపోయి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరబోయేవాళ్లు "అన్నా, ఏ ల్యాప్‌టాప్ కొనాలె?" అని అడిగే ఫోన్లు. మా ముగ్గురి ఇళ్లలో మాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. మేము కొనేటప్పుడు అడగడానికి మనిషి దొరకలేదు. అందుకే మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

2025 వేసవిలో ఫోన్ చేసిన తమ్ముడి సంగతి కొంచెం చిక్కుది. మన వార్షికోత్సవాల్లో డప్పు పట్టుకుని స్టేజీ మీద ముందుండేవాడు. సొంతంగా పాటలు కడతాడు. వాటిని రికార్డు చేసి, వాద్యాలు కలిపి, నలుగురికీ వినిపించాలని కోరిక. దానితోపాటు గేములూ ఆడాలట. "గేమ్ ఆడకుంటే ఏమైతది?" అని అడిగాం. "మీరు ఆడలేదా అన్నా?" అన్నాడు. ఆడాం కాబట్టి ఊరుకున్నాం. చేతిలో ఉన్నది 72 వేలు. వాళ్లమ్మ చిట్టీ ఎత్తిన డబ్బు. ఆ చిట్టీకి ఇంకా పద్నాలుగు నెలలు కట్టాలి. పొరపాటు వస్తువు కొంటే, పనికిరాని దాని కోసం ఆమె పద్నాలుగు నెలలు కూలికి పోవాలన్నమాట.

"గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకో, మ్యూజిక్ దానంతటదే అయిపోతుంది" అని షాపుల్లో చెబుతారు. అది సగమే నిజం. ఎందుకో చూద్దాం.

గేమ్ ఆడేటప్పుడు కంప్యూటర్ సెకనుకు 60 బొమ్మలు గీస్తుందనుకోండి. ఒక్కో బొమ్మకు దాదాపు 17 మిల్లీ సెకన్ల సమయం. ఆ పని గ్రాఫిక్స్ కార్డుది. ఎప్పుడైనా ఒక బొమ్మ ఆలస్యమైతే తెర కాస్త కుదుపుతుంది, మనం ఆట సాగిస్తాం. పాట సంగతి అలా కాదు. సీడీ స్థాయి శబ్దం అంటే సెకనుకు 44,100 కొలతలు. కంప్యూటర్ వాటిని గుంపులు గుంపులుగా తీసుకుని పని చేస్తుంది. ఆ గుంపునే బఫర్ అంటారు. 128 కొలతల బఫర్ పెడితే, దాదాపు ప్రతి 3 మిల్లీ సెకన్లకూ ఒక గుంపు సిద్ధం కావాలి. ఒక్కసారి తప్పినా పాట మధ్యలో "టప్" మని శబ్దం పడుతుంది. ఎంత బాగా పాడినా ఆ టేకు పోయినట్టే.

మరి బఫర్ పెద్దది పెట్టుకుంటే? 512 పెడితే 12 మిల్లీ సెకన్ల వ్యవధి దొరుకుతుంది, కంప్యూటర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ మన గొంతు మైకులోంచి లోపలికి వెళ్లి, హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి దీనికి రెట్టింపు, ఇంకాస్త ఎక్కువే పడుతుంది. గాలిలో శబ్దం మిల్లీ సెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఆ లెక్కన 24 మిల్లీ సెకన్లంటే ఎనిమిది మీటర్ల అవతల నుంచి వచ్చే దరువుకు మనం పాడుతున్నట్టు. డప్పు కొట్టేవాళ్లకు ఆ అవస్థ వేరే చెప్పక్కర్లేదు.

కనుక గేముకు కావలసింది బలం, పాటకు కావలసింది వేళ తప్పకపోవడం. బలం డబ్బా మీద రాసి ఉంటుంది. రెండోది ఎక్కడా రాసి ఉండదు. వైఫై, గ్రాఫిక్స్ కార్డు వంటివాటి డ్రైవర్లు మధ్యలో దూరి ప్రాసెసర్‌ను ఆపేస్తుంటాయి. దాన్ని కొలవడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఆ తమ్ముడితో కలిసి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయాం. మొదటి షాపులో ఒప్పుకోలేదు. రెండో షాపాయన నవ్వి, "పరీక్ష పెట్టుకోండి బాబూ" అని షోకు పెట్టిన రెండు ల్యాప్‌టాప్‌లు మా ముందుకు జరిపాడు. ధర దాదాపు ఒకటే, గ్రాఫిక్స్ కార్డూ ఒకటే. పది నిమిషాల్లో ఒకటి ఎర్ర గీతలు చూపించింది, వైఫై ఆపేస్తే తగ్గింది. రెండోది పచ్చగానే ఉంది. ఆ పది నిమిషాలు అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక మేము చేసిన తప్పు చెప్పాలి. 2022లో స్కాలర్‌షిప్పు డబ్బులు, ట్యూషన్ల డబ్బులు కలిపి ముగ్గురం ఒక ల్యాప్‌టాప్ కొన్నాం. గ్రాఫిక్స్ కార్డు ఉందా అని ఒక్కటే అడిగాం. ర్యామ్ 8 జీబీ, అదీ ఒకే ముక్క. బ్రౌజరు, పాట ప్రాజెక్టు కలిపి తెరిస్తే మొరాయించేది. తర్వాత ఇంకో 8 జీబీ వేయిస్తే గాని దారికి రాలేదు. ఒకే ముక్కగా కాక రెండు ముక్కలుగా ఉంటే గేములు కూడా మెరుగ్గా నడుస్తాయని అప్పుడే తెలిసింది. కాబట్టి 16 జీబీకి తక్కువ తీసుకోవద్దు. తర్వాత పెంచుకునే స్లాటు ఉందో, బోర్డుకే అతికించేశారో తప్పకుండా అడగండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. "తర్వాత వేయించుకుందాంలే" అనేది ఖరీదైన మాట అయింది.

గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి కూడా మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 4050 అనే ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాలు ఉన్నాయి. సన్నటి ల్యాప్‌టాప్‌లో పెట్టింది, లావుపాటి దానిలో పెట్టినంత పని చేయదు. ఆర్‌టీఎక్స్ 3050లో 4 జీబీ మెమరీదీ, 6 జీబీదీ రెండూ ఉన్నాయి, 6 జీబీదే అడగండి. వాలరెంట్ లాంటి ఆటలకు ఇది ధారాళం. పాటకైతే గ్రాఫిక్స్ కార్డుతో పెద్దగా పనే లేదు. డిస్కు 512 జీబీ ఉన్నా రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, లెక్క చూసుకోండి. తెర 144 హెర్ట్‌జ్ ఇప్పుడు ఈ ధరలో మామూలే.

పాట ఒక్కటే పని అయితే 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకొమ్మనేవాళ్లం. దానికి ఫ్యానే లేదు. కానీ ఆటలకు అది అక్కరకు రాదు, ర్యామ్ పెంచుకోలేం. విండోస్ పాతవి కొనేవాళ్లు మాత్రం విండోస్ 11 ఎక్కుతుందో లేదో చూసుకోవాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

చివరకు మేము ఆ తమ్ముడితో గట్టిగా వాదించింది ఒక్క విషయం మీదే. షాపాయన 71 వేలకు 4050 ఉన్నది చూపించాడు. తమ్ముడి కళ్లు దాని మీదే. అది కొంటే మైకుకు రూపాయి మిగలదు. ల్యాప్‌టాప్‌కు ఉండే మైకు, గేమింగ్ హెడ్‌సెట్ మైకు మాట్లాడుకోవడానికే. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడదామంటే ఆలస్యం వంద మిల్లీ సెకన్లు దాటుతుంది. "గేమ్ కొంచెం తక్కువ నడిచినా ఆడొచ్చు, మైకు లేకుంటే పాటే లేదు గదరా" అన్నాం. అరగంట అలిగాడు. చివరకు ర్యామ్ 16, 3050 ఆరు జీబీది 60 వేల చిల్లరకు తీసుకున్నాం. మిగిలినదానితో రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, వైరున్న హెడ్‌ఫోన్, ఒక డైనమిక్ మైకు వచ్చాయి. కండెన్సర్ మైకు బాగుంటుందని అందరూ అంటారు గాని, అది పక్కింటి మిక్సీని కూడా పట్టేస్తుంది. మనలాంటి గదులకు డైనమిక్ మైకే నయం.

సాఫ్ట్‌వేర్‌కు రీపర్ పెట్టాం. 60 రోజులు ఉచితంగా చూసుకోవచ్చు, తర్వాత మనలాంటివాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో ప్రాజెక్టు దాచుకోవచ్చు గాని మళ్లీ తెరవనివ్వదు. క్రాక్ చేసినవి వేయొద్దు. మా గదిలో ఒకరి థీసిస్ ఫైళ్లు అలాగే పోయాయి.

ఫ్యాను సంగతి మాత్రం మేము ముందుగా ఊహించలేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ ఫ్యాను పాట నెమ్మదించిన చోటల్లా వినిపించింది. సైలెంట్ మోడ్ పెట్టినా పూర్తిగా పోలేదు. దసరా సెలవుల్లో తమ్ముడు పది మీటర్ల మైకు వైరు కొన్నాడు. ల్యాప్‌టాప్ ముందు గదిలో ఉంటుంది, తాను వెనక గదిలో బొంతలు, వడ్ల బస్తాల మధ్య నిలబడి పాడతాడు. రికార్డు బటన్ నొక్కేది వాళ్లమ్మ.

– పూర్వ విద్యార్థులు, పీజీ హాస్టల్ గది మిత్రులు