అచ్చయిన పుస్తకం అటకెక్కకుండా..!

పదవీ విరమణ సొమ్ములో కొంత, బంగారం తాకట్టుపై తెచ్చిన అప్పు కొంత కలిపి సొంతంగా పుస్తకం అచ్చు వేయించుకునే రచయితలు పల్లెల్లోనూ ఉన్నారు. ఆవిష్కరణ సభనాడు శాలువాలు, ప్రశంసలు. ఆరు నెలలు తిరిగేసరికి విజయవాడ, హైదరాబాద్‌ పుస్తక విక్రయశాలల నుంచి కట్టలు విప్పకుండానే వెనక్కి వస్తాయి. ప్రచురణకర్త తిరస్కారాన్ని తప్పించుకున్నానని భావించిన రచయితకు అసలు తిరస్కారం ఇక్కడే ఎదురవుతోంది.

సొంత ప్రచురణలను విక్రేతలు సాధారణంగా రొక్కమిచ్చి కొనరు. అమ్ముడైన మేరకే లెక్క కట్టి ఇస్తారు. ముఖవిలువలో మూడో వంతు, ఒక్కోసారి సగం వరకు కమీషన్‌ కింద పోతుంది. కదలని పుస్తకానికి అల్మరాలో చోటివ్వడం వారికి నష్టం. కాబట్టి తిరిగివచ్చిన కట్టను వ్యాపార లెక్కగానే చూడాలి తప్ప రచనపై తీర్పుగా కాదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాల్లో చాలా భాగం 1930వ దశకంలో రాసినవే. అవి పుస్తకరూపం దాల్చింది 1950లో.

వెయ్యి ప్రతులు వేస్తే ఒక్కో ప్రతి చవకగా పడుతుందని ముద్రణాలయాలు చెప్పే మాట నిజమే. ఆఫ్‌సెట్‌లో వందకైనా వెయ్యికైనా ప్లేట్ల ఖర్చు ఒకటే. అయితే ఏడు వందలు అటకెక్కితే ఆ చవక ఎవరికి లాభం? డిజిటల్‌ ముద్రణలో 50, 100 ప్రతులు కూడా వేయించుకోవచ్చు. ప్రతికి ఖర్చు ఎక్కువైనా మునిగేది తక్కువ. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు. పుటల సంఖ్యను అందుకు తగినట్లు సర్దుకుంటే ఖాళీ కాగితానికి డబ్బు చెల్లించే అవసరం ఉండదు.

అచ్చుతప్పులు కనిపించిన వెంటనే సమీక్షకులు పుస్తకం మూసేస్తారు. అను ఫాంట్లలో కూర్చిన ప్రతిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఊడిపోవడం, అక్షరాలు తారుమారు కావడం మామూలే. రాసినవారి కంటికి ఇవి ఆనవు. ప్రూఫులు మరొకరితో దిద్దించడం తప్పనిసరి. సభలో కప్పే శాలువాల ఖర్చుతోనే ఈ పని పూర్తవుతుంది!

సమీక్షకు పత్రికలు రెండేసి ప్రతులు కోరతాయి. అందిన వాటిలో అధిక భాగం ‘స్వీకారం’ శీర్షికలో ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవలసిందే. పదేపదే ఫోన్లు చేయడం వల్ల ప్రయోజనం ఉండదు. కథలకు చోటిచ్చే పేజీ ఏదో, పద్యాలను ఆదరించేది ఏదో ముందుగా గమనించి పంపితే ప్రతులు వృథా కావు.

గ్రంథాలయాలు కొనుగోలుకు దరఖాస్తులు కోరినపుడు ఐఎస్‌బీఎన్‌ సంఖ్య అక్కరకొస్తుంది. దీనిని రాజా రామమోహన్‌రాయ్‌ జాతీయ సంస్థ ఉచితంగా కేటాయిస్తోంది. దళారులకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

మరో సంగతి. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరాతో పాటు చట్టం పేర్కొన్న ఇతర గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో ప్రతులు పంపాలి. సొంతంగా ప్రచురించుకున్న రచయితకూ ఇది వర్తిస్తుంది. అక్కడ ఏ పుస్తకాన్నీ తిప్పి పంపరు.